పందెపు పడవ తెడ్డు: పలక రూపకల్పన

పోటీ పడవలను నడిపే తెడ్డులో నీటిలోకి దిగే వెడల్పాటి కొస భాగాన్ని పలక అంటారు. రోయింగ్ క్రీడలో పాల్గొనే రోయర్ పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి, చక్రాలపై జారే సీటు మీద కూర్చుని, మొదట కాళ్లతో తన్ని, ఆ వెంటనే నడుమును, చివరగా చేతులను కలుపుతూ తెడ్డు పిడిని తన వైపు లాగుతాడు. ఆ శక్తిలో ఎంత పడవను ముందుకు నెట్టడానికి పనికొస్తుందో, ఎంత నీటిని చెదరగొట్టడంలో ఖర్చయిపోతుందో చాలా వరకు పలకే నిర్ణయిస్తుంది. పలక మెరుగుపడితే రోయర్‌కు శ్రమ తగ్గుతుందన్న సాధారణ అభిప్రాయం సగమే నిజం. నీటిని గట్టిగా పట్టుకునే పలక నిజానికి పిడి దగ్గర మరింత బరువుగా తోస్తుంది, దాని లాభం చేతికి అందాలంటే తెడ్డు పొడవును, ఆనిక బిందువును దానికి తగ్గట్టు సవరించక తప్పదు. పలక రూపకల్పన చరిత్ర అంతా ఈ బేరసారమే.

తెడ్లతో సాగే పందాలన్నీ రోయింగ్ కావు. కేరళలో అలప్పుళ దగ్గర పున్నమడ సరస్సులో 1952 నుంచి జరుగుతున్న నెహ్రూ ట్రోఫీ పోటీలో పాము పడవలు నడిపేవారూ, కోనసీమలో ఆత్రేయపురం దగ్గర సంక్రాంతికి డ్రాగన్ పడవలు నడిపేవారూ ముందుకు చూస్తూ, పొట్టి తెడ్డును రెండు చేతులా పట్టుకుని నీటిని వెనక్కి తోస్తారు. అక్కడ తెడ్డుకు పడవతో ఏ బంధమూ ఉండదు. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో జాతీయ స్థాయిలో జరిగే రోయింగ్ పోటీల్లో మాత్రం తెడ్డు పడవకు బిగించిన కొండీలో తిరుగుతుంది. ఒక్కొక్కరు ఒకే పొడవాటి తెడ్డు లాగితే స్వీప్ అనీ, రెండు చేతులతో రెండు పొట్టి తెడ్లు లాగితే స్కల్లింగ్ అనీ వ్యవహరిస్తారు.

తెడ్డు అంగాలు, తులాదండ సూత్రం

తెడ్డుకు ఒక కొస పిడి, మరో కొస పలక, మధ్యలో గొట్టంలాంటి కాడ ఉంటాయి. పడవ పక్క నుంచి బయటికి చాచి ఉండే లోహపు లేదా కార్బన్ చట్రాన్ని రిగ్గర్ అంటారు. దాని చివర నిలువుగా నిలిచిన పిన్ను చుట్టూ తిరిగే కొండీ గేటు. కాడ మీద తొడిగిన ప్లాస్టిక్ తొడుగుకు బిగించే కాలర్ అనే వలయం గేటుకు ఆనుకుని తెడ్డు బయటికి జారిపోకుండా ఆపుతుంది. కాలర్ నుంచి పిడి కొస దాకా ఉన్న దూరం లోపలి పొడవు, పలక కొస దాకా ఉన్నది బయటి పొడవు. నేటి స్వీప్ తెడ్డు మొత్తం పొడవు సుమారు 370 నుంచి 376 సెంటీమీటర్లు, అందులో లోపలి భాగం 115 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. స్కల్ తెడ్డు సుమారు 288 సెంటీమీటర్లుంటే లోపలి భాగం 88 దాకా ఉంటుంది. రెండింటిలోనూ బయటి పొడవు లోపలి పొడవుకు రెండుంపావు రెట్లు ఉండటం విశేషం. సైకిల్ గేరు మార్చినట్టే ఈ నిష్పత్తిని కాస్త మార్చి లాగుడును బరువుగానో తేలికగానో చేసుకోవచ్చు. అందుకోసం కొన్ని తెడ్లకు కాలర్ పక్కన ఒక సెంటీమీటరు మందం గల ప్లాస్టిక్ క్లిప్పును తొడుగుతారు. ఎదురుగాలి ఉన్న రోజున స్పానర్ల అవసరం లేకుండా రేవు దగ్గరే దాన్ని తొడిగి లోపలి పొడవును పెంచుకోవచ్చు.

పడవలో కూర్చున్నవారికి పిన్ను ఆనికగానూ, పలక కదిలే కొసగానూ కనిపిస్తుంది. ఒడ్డున నిలిచి చూసేవారికి మాత్రం దృశ్యం తలకిందులవుతుంది: పలక నీటిలో దాదాపు పాతుకుపోయినట్టు నిలిచి ఉంటే, పిన్ను, దానితోపాటు పడవ, ముందుకు దూసుకుపోతాయి. ఈ రెండో చూపే రూపకర్తలకు ఉపయోగం, ఎందుకంటే పలక ఆదర్శంగా పాతుకుపోయి ఉంటే వృథా అనేదే ఉండదు. నీరు ఘనపదార్థం కాదు కనుక పలక కొంత జారుతుంది. ఈ జారుడును తగ్గించడమే పలక రూపకల్పనలోని అసలు సమస్య.

నీటిలో పలక దారి

పలక నీటిని వెనక్కి తోసి పడవను ముందుకు నెడుతుందన్న పాఠ్యపుస్తకపు చిత్రం లాగుడు మధ్య భాగానికే సరిపోతుంది. నీటిలో దిగే క్షణాన, అంటే రోయర్లు క్యాచ్ అనే దశలో, తెడ్డు పడవ ముక్కు వైపు బాగా వాలి ఉంటుంది. పడవకు అడ్డంగా నిలిచిన స్థితి నుంచి కొలిస్తే స్వీప్‌లో దాదాపు 55 డిగ్రీలు, స్కల్లింగ్‌లో 65 డిగ్రీలు దాటే కోణం అది. అప్పుడు పలక నీటిలో వెనక్కి కాక, పడవకు దూరంగా బయటికీ, పడవతోపాటు ముందుకూ సాగుతుంది. నీరు పలక కొస వైపు నుంచి వచ్చి దాని ముఖం వెంబడి కాడ వైపు ప్రవహిస్తుంది. ఇలా చిన్న కోణంలో ప్రవాహాన్ని ఎదుర్కొన్న పలక విమానపు రెక్కలా పనిచేసి, ప్రవాహానికి లంబంగా ఒక బలాన్ని పుట్టిస్తుంది. ద్రవగతి శాస్త్రంలో లిఫ్ట్ అని పిలిచే ఈ బలం పలక కదిలే దారికి లంబంగా ఉండటం వల్ల నీటిలోకి చాలా తక్కువ శక్తి వృథా అవుతుంది.

తెడ్డు పడవకు అడ్డంగా వచ్చే సమయానికి పరిస్థితి మారుతుంది. పలక ముఖం ప్రవాహానికి ఎదురొడ్డుతుంది, దాని వెనుక సుడులు విడిపోతాయి, బలంలో అత్యధిక భాగం డ్రాగ్, అంటే చలనాన్ని నేరుగా అడ్డుకునే నిరోధం, అవుతుంది. పలక వెనక్కి జారేది ఈ దశలోనే; శక్తి అధికంగా కోల్పోయేదీ ఇక్కడే. లాగుడు ముగింపులో పలక తిరిగి పడవ వైపు లోపలికి కదులుతూ మళ్లీ కొంత లిఫ్ట్ పొందుతుంది. అంటే ఒక్క సెకను కూడా పట్టని లాగుడులో పలక మొదట రెక్కగా, తర్వాత అడ్డుగోడగా, ఆపైన మళ్లీ రెక్కగా మూడు పాత్రలు పోషిస్తుంది; ఒకదానికి అనువైన ఆకారం మరొకదానికి అనువు కాకపోవచ్చు. క్యాచ్ దగ్గర తెడ్డును మరీ ఎక్కువగా వాల్చకూడదన్న పాత వాదన, ఆ కోణంలో బలంలో పెద్ద భాగం పిన్నును పక్కకు నొక్కడంలోనే పోతుందన్న లెక్కపై ఆధారపడింది. పడవ పక్కకు జరగదు కనుక ఆ నొక్కుడు పనేమీ చేయదు, శక్తినీ పెద్దగా తినదు. నేటి శిక్షకులు పొడవైన క్యాచ్‌కు మొగ్గడానికి కారణం ఇదే.

జారుడును తగ్గించే సూత్రం సరళమైనదే. పడవకు అందే తోపు, పలక కదిలించిన నీటి ద్రవ్యరాశికీ ఆ నీటికి ఇచ్చిన వేగానికీ గుణకారంపై ఆధారపడి ఉంటుంది. నీటిలో వృథాపోయే శక్తి మాత్రం ద్రవ్యరాశికీ వేగ వర్గానికీ గుణకారంలో సగం. కాబట్టి అదే తోపును రెట్టింపు నీటిపై సగం వేగంతో సాధిస్తే వృథా సగానికి పడిపోతుంది. పలక వైశాల్యం పెంచడం వెనుక ఉన్న తర్కం ఇది. రోయింగ్ బయోమెకానిక్స్‌లో విస్తృతంగా కృషి చేసిన వాలెరీ క్లెష్నెవ్ కొలతల ప్రకారం పిడి దగ్గర ఖర్చయిన శక్తిలో పలక పడవకు చేర్చేది సుమారు 80 శాతం. మిగిలినది సుడుల పాలు.

ఇరుకు పలక నుంచి మాకాన్ దాకా

తెడ్డు పందాలు పాతవే: థేమ్స్ నదిపై డాగెట్స్ కోట్ అండ్ బ్యాడ్జ్ పందెం 1715లో మొదలైంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల పోటీ 1829 నాటిది. పంతొమ్మిదో శతాబ్దంలో పడవ పక్కన రిగ్గర్, తిరిగే గేటు, జారే సీటు ఒకదాని వెంట ఒకటి వచ్చి తెడ్డు తిరిగే కోణాన్ని బాగా పెంచాయి. పలక మాత్రం కొద్దిపాటి వంపు తేలడం మినహా పొడవుగా, ఇరుకుగానే ఉండిపోయింది. స్ప్రూస్ కలపతో చేసిన తెడ్డుకు పలకను వెడల్పు చేస్తే కొస బరువు పెరగడం, కలప చీలడం అనే రెండు బెడదలూ ఉండేవి.

పశ్చిమ జర్మనీలోని రాట్సెబుర్గ్‌లో పాఠశాల ఉపాధ్యాయుడైన కార్ల్ ఆడమ్ స్వయంగా రోయర్ కాకపోయినా శిక్షకుడై, రోయింగ్‌లో ఆనవాయితీగా వస్తున్న ప్రతి కొలతనూ ప్రశ్నించాడు. 1959లో ఫ్రాన్స్‌లోని మాకాన్ పట్టణంలో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో అతని ఎనిమిదిమంది జట్టు పొట్టిగా, వెడల్పుగా ఉన్న పలకలతో దిగి గెలిచింది. ఆ పలకకు ఆ ఊరి పేరే స్థిరపడిపోయింది. సుమారు 58 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పుతో, కాడ గీతకు పైనా కిందా సమంగా విస్తరించిన మాకాన్ పలక, అంతకు ముందున్న పలకల కన్నా నీటిని గట్టిగా పట్టింది. మరుసటి ఏడాది రోమ్ ఒలింపిక్స్‌లో జర్మన్ ఎనిమిది స్వర్ణం గెలవడంతో, 1920 నుంచి వరుసగా ఎనిమిది ఒలింపిక్స్‌లో ఆ పోటీని గెలుస్తూ వచ్చిన అమెరికా ఆధిపత్యానికి తెరపడింది. ఈ విజయాన్ని పలక ఒక్కదానికే కట్టబెట్టడం న్యాయం కాదు. విరామాలతో కూడిన తీవ్ర శిక్షణ, ఎక్కువ లాగుళ్ల వేగం, మార్చిన రిగ్గర్ అమరిక కూడా ఆడమ్ జట్టు ఆయుధాలే. ఏదేమైనా ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా మాకాన్ పలకతోనే పందాలు నడిపింది.

గొడ్డలి పలక

ఆ ముప్పై ఏళ్లలో మారినది తెడ్డు పదార్థం. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పాల్గొన్న డిక్ డ్రైసిగాకర్, తన సోదరుడు పీట్‌తో కలిసి 1976లో నెలకొల్పిన కాన్సెప్ట్2 సంస్థ వెర్మాంట్ రాష్ట్రంలోని మోరిస్‌విల్ నుంచి కార్బన్ ఫైబర్ తెడ్లను తయారు చేసింది. కలప తెడ్డు కన్నా తేలికగా, బిగువుగా ఉండే ఈ తెడ్డు కొసన ఎంత పెద్ద పలకనైనా, ఎలాంటి ఆకారాన్నైనా నిలపవచ్చు. 1991లో ఆ సోదరులు తెచ్చిన పెద్ద పలక ఈ స్వేచ్ఛ ఫలితమే. గొడ్డలి ఆకారం వల్ల దాన్ని హ్యాచెట్ అనీ, మాంసం కొట్టే కత్తిని తలపించడం వల్ల క్లీవర్ అనీ పిలిచారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ రోయింగ్ జరిగిన బన్యోలెస్ సరస్సులో ఈ పలకలు విస్తారంగా కనిపించాయి. కొద్దికాలంలోనే అగ్రస్థాయి పోటీల నుంచి మాకాన్ తప్పుకుంది.

ఈ పలకను దగ్గరగా గమనిస్తే దాని తెలివి వైశాల్యంలో కన్నా అమరికలో ఎక్కువగా ఉన్నట్టు తెలుస్తుంది. గేటు నీటి మట్టానికి కొంత ఎత్తున ఉంటుంది కనుక తెడ్డు కాడ ఎప్పుడూ ఏటవాలుగానే నీటిలోకి దిగుతుంది. కాడకు పైనా కిందా సమంగా ఉన్న మాకాన్ పలకను పూర్తిగా ముంచాలంటే కాడ వైపు భాగం కూడా మునిగేదాకా లోతుగా దించాలి. అప్పుడు కాడ ముక్క కూడా నీటిలో ఈడ్చుకుపోయి అనవసర నిరోధం పుట్టిస్తుంది. గొడ్డలి పలకలో వైశాల్యంలో ఎక్కువ భాగం కాడ గీతకు దిగువన వేలాడుతుంది. పలక నీటిలో ఉన్నప్పుడు దాని పై అంచు నీటి ఉపరితలానికి దాదాపు సమాంతరంగా, కాస్త కిందుగా నిలుస్తుంది; కాడ పొడిగానే ఉంటుంది. దీని వల్ల పలకంతా ఒకేసారి పనిలోకి దిగుతుంది, లాగుడు ముగిశాక తక్కువ ఎత్తుకు లేపినా బయటికి వచ్చేస్తుంది. సమరూపత పోయినందున కుడి వైపు తెడ్డు ఎడమకు పనికిరాదు.

స్వీప్ గొడ్డలి పలక సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మాకాన్ కన్నా వైశాల్యం దాదాపు ఐదోవంతు ఎక్కువ. మొదట్లో పాత పొడవు తెడ్లకే ఈ పలకలు బిగించి చూసినవారికి లాగుడు భరించలేనంత బరువుగా తోచింది. జారుడు తగ్గితే పిడి నెమ్మదిగా కదులుతుంది, నెమ్మదిగా కదిలే పిడిపై కండరం ఎక్కువ సేపు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. అందుకే తెడ్డును 5 నుంచి 8 సెంటీమీటర్ల దాకా కురచ చేశారు. 259 సెంటీమీటర్ల బయటి పొడవు నుంచి 6 సెంటీమీటర్లు కోస్తే, అదే పలక బలానికి పిడి దగ్గర కావలసిన బలం 2.3 శాతం తగ్గుతుంది. పైగా కురచ తెడ్డు తేలిక, గాలిలో తిరిగి వచ్చేటప్పుడు దాని కొస వేగమూ తక్కువ. రోయింగ్‌ను పలక సులువు చేసిందంటే అర్థం ఇదే: పెద్ద పలక, కురచ తెడ్డు కలిసి పాత బరువుకే తక్కువ వృథా ఇచ్చాయి. ఈ రెండో సగాన్ని మరచి పలకలు మాత్రమే కొన్న క్లబ్బులు నడుము నొప్పులనే కొనుక్కుంటాయి.

తర్వాతి సవరణలు

1991 తర్వాత వచ్చినవన్నీ గొడ్డలి పలక కుటుంబంలోని సవరణలే. మొదటి నమూనాల్లో కాడ కొనసాగింపుగా పలక ముఖం మధ్య ఒక గట్టు ఉండేది. ప్రవాహం దాని దగ్గర చెదురుతుందని 1990ల చివర ముఖాన్ని నునుపుగా చేసిన స్మూతీ రకం తెచ్చారు. పలక కొసకు అతికించే వోర్టెక్స్ అంచు అనే పట్టీ అక్కడ విడిపోయే సుడిని అదుపు చేసి జారుడును ఇంకాస్త తగ్గిస్తుందని తయారీదార్లు చెబుతారు. ఫ్యాట్2 అనే మరింత పొట్టి, వెడల్పు పలకతో తెడ్డు పొడవు ఇంకా కుదించారు. నునుపు ముఖం గల పలకలు క్యాచ్‌లో నీటిని త్వరగా పట్టినా, కోణం కొద్దిగా తప్పితే లోతుకు కూరుకుపోయే స్వభావం చూపుతాయి. ఆ లోపాన్ని సరిదిద్దడానికే కొందరు పలక పై అంచుకు అడ్డంగా సన్నని ఫాయిల్ పట్టీని అతికిస్తున్నారు. అది పలకను ఉపరితలం కింద నిర్ణీత లోతులో నిలిపి, పై అంచు మీదుగా నీరు పొర్లిపోకుండా ఆపుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన క్రోకర్ వంటి ఇతర తయారీదార్ల పలకలు అంచుల కోతలోనూ వంపులోనూ తేడా చూపుతాయి గాని మూల రూపం ఒకటే.

ప్రయోగశాలల్లో జరిగిన పని మరికొంత స్పష్టత ఇచ్చింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో నికోలస్ కాప్లాన్, ట్రెవర్ గార్డనర్ పరిమాణం తగ్గించిన నమూనాలను నీటి కాలువలో వేర్వేరు కోణాల్లో నిలిపి లిఫ్ట్, డ్రాగ్ బలాలను కొలిచారు. పలక రూపురేఖ కన్నా దాని పొడవునా ఉండే వంపు ముఖ్యమన్నది ఆ పరిశీలనల నుంచి తేలిన ప్రధానాంశం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు నమూనా పలకను రోబో చేతికి బిగించి, నిలకడ ప్రవాహంలో కాక నిజమైన లాగుడు దారిలో కదిపి చూశారు. పలకను కాడతో ఒకే వరుసలో కాక సుమారు 15 డిగ్రీల కోణంలో అమరిస్తే సామర్థ్యం పెరుగుతుందని వారి ఫలితం. పలక ఆకారాన్ని చెక్కడం కన్నా దాని కోణాన్ని మార్చడం మేలు కావచ్చన్న ఈ సూచన, ముప్పై ఏళ్లుగా అంచుల కోతల చుట్టూ తిరుగుతున్న తయారీ రంగానికి మింగుడుపడే సంగతి కాదు.

లాభం ఎంత?

పడవపై నీటి నిరోధం వేగ వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది, దాన్ని అధిగమించే శక్తి వేగ ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. కాబట్టి ఒక శాతం అదనపు శక్తి వేగాన్ని మూడోవంతు శాతమే పెంచుతుంది. పలక సామర్థ్యం 80 నుంచి 81 శాతానికి చేరిందనుకుంటే పడవకు అందే శక్తి 1.25 శాతం పెరిగి, ఆరు నిమిషాల 2000 మీటర్ల పందెంలో సుమారు ఒకటిన్నర సెకను, అంటే దాదాపు 8 మీటర్లు, మిగులుతుంది. ఒంటరి రోయర్ పడవ పొడవు కూడా దాదాపు అంతే. వినడానికి చిన్నదైనా ఫైనల్స్‌లో పతకాన్ని మార్చగల తేడా ఇది. అయితే పలకను ఆలస్యంగా ముంచడం, లోతు తప్పడం వంటి నైపుణ్య లోపాలు దీనికి ఎన్నో రెట్లు తినేయగలవు. ఇంకా కుదురుకోని కుర్రవాళ్లకు చాలా క్లబ్బులు క్షమించే గుణం ఎక్కువున్న మాకాన్ పలకలనే ఇవ్వడం అందుకే సబబు.

ఇలాంటి లాభాలకు హద్దులు పెట్టేది 1892లో టూరిన్‌లో ఏర్పడిన రోయింగ్ అంతర్జాతీయ సమాఖ్య. కొత్త పరికరం అందరికీ మార్కెట్లో దొరకాలనీ, ఖర్చును విపరీతంగా పెంచకూడదనీ, ఏ ఒక్కరికో అనుచిత లాభం ఇవ్వకూడదనీ దాని నియమాలు చెబుతాయి. 1981లో రోయర్ పీటర్ మైకేల్ కోల్బే సీటు బదులు రిగ్గరే జారే పడవతో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, రెండేళ్లలో పురుషుల ఒంటరి పడవ ఫైనల్‌లో అందరూ అలాంటి పడవలకే మారడంతో ఆ సమాఖ్య వాటిని నిషేధించింది. పలక మీద అలాంటి వేటు పడలేదు. పలక అంచు కత్తిలా పదునెక్కి పక్క పడవవారిని గాయపరచకుండా స్వీప్ పలకకు అంచు నుంచి 3 మిల్లీమీటర్ల లోపల 5 మిల్లీమీటర్ల మందం, స్కల్ పలకకు 2 మిల్లీమీటర్ల లోపల 3 మిల్లీమీటర్ల మందం ఉండాలని మాత్రం నియమం ఉంది. ఆకారానికి, వైశాల్యానికి ఏ పరిమితీ లేదు. అయినా ఒలింపిక్ పోటీల్లో నేటికీ దిగుతున్నవి 1991 నాటి గొడ్డలి పలక సంతతే.